బొమ్మల పుస్తకానికి చప్పట్లు తోడైతే..

పిల్లలకు బొమ్మల పుస్తకం కొనిస్తే రెండు రోజులు తిరగేస్తారు. మూడో రోజు అది మంచం కిందకు చేరుతుంది, చేతిలోకి ఫోన్ వస్తుంది. మూడు నాలుగేళ్ల వయసులో కదలకుండా కూర్చుని కథ వినడం కష్టం. చేతులు, కాళ్లు కూడా కథలో కలిస్తే అదే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ అడుగుతారు.

అమెరికా రచయిత ఎరిక్ కార్ల్ 1969లో తెచ్చిన 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఆకలిగొన్న గొంగళిపురుగు సోమవారం ఒక పండు, మంగళవారం రెండు, అలా శుక్రవారానికి అయిదు పండ్లు తింటుంది. పురుగు తిన్నచోట పేజీకి నిజంగానే రంధ్రం ఉంటుంది. పండుకో చప్పట్టు కొడుతూ చదివితే అంకెలు, వారాల పేర్లు ఆటలోనే వచ్చేస్తాయి. చివర్లో పురుగు సీతాకోకచిలుక అవుతుంది. అప్పుడు పిల్లలు చేతులు రెక్కల్లా ఆడిస్తూ గదంతా తిరగొచ్చు.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు ఉన్న పిల్లలకు ఈ పద్ధతి మరింత మేలు. బొమ్మలో ఏనుగు కనిపిస్తే 'హా-థీ' అని రెండు చప్పట్లు, 'ఏ-ను-గు' అని మూడు చప్పట్లు కొట్టించాలి. మాటలోని శబ్దాలను విడదీసి వినడం అలవాటైతే చదవడం నేర్చుకోవడం తేలికవుతుంది. తెలుగు లిపి రాని అమ్మీ, దాదీ కూడా వెనకాడక్కర్లేదు. బొమ్మలు చూస్తూ కథను ఉర్దూలోనే చెప్పి, మళ్లీ మళ్లీ వచ్చే ఒక్క వాక్యాన్ని మాత్రం బిడ్డతో తెలుగులో పలికిస్తే చాలు.

వాయిద్యాలు వద్దనుకునే ఇళ్లలోనూ ఇబ్బంది లేదు. గొంతు, అరచేతులు ఉంటే సరిపోతుంది.

అయిదారేళ్లు దాటిన పిల్లలకు హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ ఉర్దూలో రాసిన 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' చెప్పొచ్చు. మేక చాందినీ కొండల్లోకి పారిపోయినప్పుడు గెంతాలి, తోడేలు రాగానే బొమ్మల్లా ఆగిపోవాలి. ఇలా ఆగడం వల్ల పిల్లలకు తమను తాము అదుపు చేసుకోవడం అలవాటవుతుంది. ముగింపు బాధ కలిగిస్తుంది కాబట్టి కథ అయ్యాక కాసేపు మాట్లాడాలి.

పుస్తకాలు కొనలేనివారికి ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి.

రోజుకు పది నిమిషాలు చాలు. పడుకునే ముందైతే గెంతులు మొదట్లోనే ముగించి, చివరి పేజీలను మెల్లగా, గొంతు తగ్గించి చదవాలి. లేదంటే పిల్లలకు నిద్ర రాదు, పెద్దలకు నిద్ర ఉండదు.