ఎండదారిలో ఒంటరి సైకిల్ యాత్ర

బాహ్యవలయ రహదారి వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ మార్గానికి సౌరఫలకాల కప్పు ఉంది. నిజాంపేట నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్‌కు ఒంటరిగా బయలుదేరే యువకునికి మాత్రం అలాంటి నీడ లభించదు. ఆ దూరం వంద కిలోమీటర్లకు పైమాటే. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సాగినా ఏడెనిమిది గంటలు పడుతుంది. ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరినా మధ్యాహ్నపు మండుటెండ దారిలోనే ఎదురవుతుంది.

సైకిల్ కదులుతున్నంతసేపూ గాలి చెమటను ఆరబెడుతుంది. శరీరం ఎంత నీటిని కోల్పోతున్నదో అందుచేత తెలియదు. వడదెబ్బ తగిలితే శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, ఆలోచన తడబడుతుంది. తోడున్నవారైతే ఆ తడబాటును గుర్తిస్తారు. ఒంటరివాడు ‘ఇంకొంచెం దూరమే కదా’ అనుకుంటూ తొక్కుతూనే ఉంటాడు.

కాబట్టి ఎక్కడ ఆగాలో ఇంటివద్దనే నిర్ణయించుకోవాలి. పదకొండు నుంచి నాలుగు గంటల వరకు నీడపట్టున విశ్రమించాలి. లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. కళ్లు తిరిగితే వెంటనే ఆగి, దగ్గరున్నవారిని పిలవాలి. 108కు ఫోను చేయాలి.

ప్రయాణికుడు రంజాన్ ఉపవాసాన్ని సైతం ఇతర దినాలలో పూర్తిచేసుకునే వెసులుబాటును దివ్యఖుర్‌ఆన్ (2:185) ప్రసాదించింది. ఆరాధనలోనే ఇంతటి సౌలభ్యం ఉండగా, యాత్ర విషయంలో పంతం తగదు. బీదర్‌కు మరునాటి ఉదయం చేరినా నష్టమేమీ లేదు. తల్లిదండ్రులు బిడ్డను వారించనక్కరలేదు. ఏ వేళకు ఎక్కడ ఆగుతాడో ముందే అడిగి తెలుసుకుని, ఆ వేళకు ఫోను రాకపోతే వెంటనే విచారించాలి.