చేప తిన్నదంతా ఒంటికి పట్టదు: చెరువు మేత లెక్క తెలుసుకుందాం

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాల్లో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత చేపల చెరువు ఉంటుంది. కొందరు లీజుకిచ్చారు. కొందరు అన్నదమ్ములతోనో బావమరిదితోనో కలిసి వాటాకి చేస్తున్నారు. ఆదివారం ఫోన్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మేతకి ఇంకో నాలుగు లక్షలు పంపాలి. చేప తింటోంది గానీ ఎదగట్లేదు."

ఇక్కడున్న మనిషికి అనుమానం, అక్కడున్న మనిషికి అవమానం. ఒకే చెరువు మీద అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు. నేను మిసిసిపీలో క్యాట్‌ఫిష్ మేత తయారుచేసే మిల్లులో పనిచేస్తాను. మా ఇంటి చెరువు ఆకివీడు దగ్గర. రెండు వైపులా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: తినడం వేరు, ఎదగడం వేరు. మధ్యలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం గొడవలు ఉండవు.

శీలావతికి జీర్ణాశయం లేదు

మన చెరువుల్లో ఎక్కువగా ఉండేది రోహు, అంటే మన శీలావతి. దాంతోపాటు కొంత కట్ల, అంటే బొచ్చె. ఇవి కార్పు జాతి చేపలు. వీటికి మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు, ఆమ్లం ఊరదు. తిన్నది నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. నిల్వ చేసుకునే చోటు లేదు కాబట్టి ఒక్కసారి కడుపునిండా తిని రోజంతా ఊరుకోవడం వీటికి కుదరదు. కొంచెం కొంచెంగా, పలుసార్లు తినాలి.

మన రైతులు గోతాలకు చిల్లులు పెట్టి, అందులో తవుడు, చెక్క నింపి వెదురు గెడలకు కట్టే పద్ధతి అందుకే బాగా కుదిరింది. చేప వచ్చి సంచిని మూతితో పొడుస్తుంది, చిల్లులోంచి కొంచెం మేత రాలుతుంది, తింటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. గుప్పిళ్లతో నీళ్లలో చల్లేయడం కంటే ఇది ఎంతో నయం. లోపం కూడా ఉంది. మెత్తని పొడి కొంత చేప నోటికి అందకుండానే నీళ్లలో కలిసిపోతుంది. బలమైన చేపలు సంచి దగ్గరే కాపు కాస్తాయి, చిన్నవి వెనకబడతాయి. పట్టుబడి రోజున ఒకే చెరువులో రెండు కిలోల చేప, అరకిలో చేప పక్కపక్కన కనబడడానికి ఇదొక కారణం.

తవుడు పెడితే ఏం పెట్టినట్టు?

ఎదిగే రోహుకి మేతలో పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా ప్రోటీన్ కావాలి. చిన్న పిల్లకి ఇంకా ఎక్కువ. నూనె తీసిన తవుడులో ఉండేది సుమారు 15 శాతం. వేరుసెనగ చెక్కలో 40 శాతం పైమాటే. అందుకే రెండూ కలుపుతారు. చెక్క ధర పెరిగినప్పుడు తవుడు పాలు పెంచేస్తారు. సంచి బరువు అంతే ఉంటుంది, చేప తినడం కూడా అంతే కనబడుతుంది. ఎదుగుదల మాత్రం తగ్గుతుంది. "తింటోంది గానీ ఎదగట్లేదు" అన్న మాటకు చాలాసార్లు అర్థం ఇదే.

ప్రోటీన్ శాతం ఒక్కటే చూస్తే కూడా చాలదు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల కూర్పు. చేప తన ఒంట్లో తయారు చేసుకోలేనివి పది ఉన్నాయి, అవి మేతలోంచే రావాలి. వేరుసెనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ తక్కువ. ఇల్లు కట్టేచోట ఎన్ని లారీల ఇటుకలు దించినా సిమెంటు చాలకపోతే గోడ ఆగిపోతుంది. అలాగే ఒక్క అమైనో ఆమ్లం కొరవడితే మిగతా ప్రోటీన్ కండగా మారదు. చేప దాన్ని శక్తి కోసం ఖర్చు చేసుకుని, అందులోని నత్రజనిని మొప్పల ద్వారా అమ్మోనియాగా నీళ్లలోకి వదిలేస్తుంది. మీరు కొన్న చెక్కలో కొంత భాగం అలా చెరువు నీటిని పాడుచేయడానికే పోతుంది.

తవుడులో భాస్వరం చాలానే ఉంది, కానీ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. చేప దాన్ని అరిగించుకోలేదు. అది కూడా నీళ్లలోకే పోయి నాచుకు ఎరువవుతుంది. ఇక తడిసిన వేరుసెనగ చెక్కలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరితే కాలేయం దెబ్బతింటుంది. వర్షాకాలంలో గోడౌన్‌లో చెక్క ఎలా ఉందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఆకలిని నీరే నిర్ణయిస్తుంది

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి ఉంటుంది. నీరు 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే కార్పు చేపలు బాగా తింటాయి. డిసెంబరు, జనవరి చలికి ఆకలి తగ్గుతుంది. ఆ రోజుల్లో కూడా అలవాటు ప్రకారం అవే సంచులు కడితే మిగిలింది అడుగున కుళ్లుతుంది. కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి, ఆ మేరకు చేపకి తగ్గుతుంది.

చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఎండ వచ్చాక నాచు మళ్లీ తయారుచేస్తుంది. అందుకే మేత ఎండ వచ్చాకే పెట్టాలి. మబ్బు పట్టిన రోజు తగ్గించాలి. చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరి ఆడక. ఆ పూట మేత అసలు పెట్టకూడదు.

మిసిసిపీ క్యాట్‌ఫిష్ చెరువుల్లో సోయా, మొక్కజొన్నలతో చేసిన తేలే గుళికలు వాడతారు. సాధారణంగా 28 నుంచి 32 శాతం ప్రోటీన్. గుళిక తేలడంలోని లాభం ఏమిటంటే, చేప పైకి వచ్చి తినడం కంటికి కనబడుతుంది. తినకపోతే వెంటనే ఆపేయొచ్చు. మన వైపు కూడా ఇప్పుడు తేలే మేత వాడకం పెరిగింది. ఫంగస్ చేపకైతే అదే ప్రధానం.

కిలో చేపకి ఎన్ని కిలోల మేత?

వేసిన మేత బరువును పెరిగిన చేప బరువుతో భాగిస్తే వచ్చేదాన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. తవుడు, చెక్క సంచులతో ఇది సుమారు 2.5 నుంచి 4 దాకా ఉంటుంది. మంచి గుళికల మేతతో 1.5 దగ్గరికి రావచ్చు. లెక్క కోసం తవుడు మిశ్రమం కిలో 20 రూపాయలు, ఎఫ్‌సీఆర్ 3 అనుకుందాం. కిలో చేపకి మేత ఖర్చు 60 రూపాయలు. గుళికలు కిలో 40, ఎఫ్‌సీఆర్ 1.5 అనుకుంటే అదీ 60 రూపాయలే. అంటే బస్తా ధర చూసి ఏది చవకో చెప్పలేం. ఖర్చు సమానమైనప్పుడు నీరు ఎలా ఉంది, పంట ఎన్ని నెలలకు వచ్చింది అన్నది తేల్చుతుంది.

ఇంకో మాట. చనిపోయిన చేప తిన్న మేత లెక్కలో ఉంటుంది, దాని బరువు మాత్రం ఉండదు. ఎఫ్‌సీఆర్ ఒక్కసారిగా పెరిగితే మేత దొంగతనమే అనుకోకండి. ముందు చచ్చిన చేప గురించి అడగండి.

మన రైతుల తెలివి ఒకటి ఇక్కడ చెప్పాలి. చేపపిల్లల్ని ఏడాది పాటు కిక్కిరిసిన చెరువులో, తక్కువ మేతతో, ఎదుగుదల ఆపి ఉంచుతారు. తర్వాత విశాలమైన చెరువులో వదిలి మంచి మేత పెడితే అవి ఆగిన ఎదుగుదలని వేగంగా పూడ్చుకుంటాయి. శాస్త్రంలో దీనికి పేరుంది గానీ, కొల్లేరు చుట్టుపక్కల రైతులు అనుభవంతోనే పట్టుకున్నారు.

చెరువు లేనివాళ్లకి కూడా

మీరు ఇక్కడ కొనే సాల్మన్ సంగతీ ఇంతే. నార్వేలో 1990లో సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం సముద్రపు చేపల పొడి, నూనె ఉండేవి. 2013 నాటికి అది సుమారు 30 శాతానికి తగ్గి, సోయా, మొక్కల నూనెలు వచ్చాయి. సముద్రంలో చిన్న చేపల మీద భారం తగ్గింది. చేప మాంసంలో ఒమేగా-3 కూడా తగ్గింది. పెంపకపు సాల్మన్‌కి ఆ గులాబీ రంగు కూడా మేతలో కలిపే అస్టాగ్జాంథిన్ వల్లే. చేప ఏం తిన్నదో మన పళ్లెంలోకీ అదే వస్తుంది.

ఈసారి ఫోన్లో ఏం అడగాలి?

"ఎంత ఖర్చయింది?" అని మొదలుపెట్టకండి. ఇవి అడగండి: తవుడు, చెక్క ఏ పాళ్లలో కలుపుతున్నారు? సాయంత్రానికి సంచుల్లో మేత మిగులుతోందా? పోయిన నెల విసురువల వేసి చూస్తే సగటు బరువు ఎంత, ఈ నెల ఎంత? తెల్లవారుజామున చేప పైకి తేలుతోందా? ఎన్ని చచ్చాయి?

ఈ ఐదింటికి జవాబులు నోట్‌బుక్‌లో రాసి ఉంటే డబ్బు నిశ్చింతగా పంపండి. రాసి లేకపోతే ఈ నెల నుంచి రాయమనండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. అది అనుమానంతో అడిగినట్టు ఉండదు. చెరువు గట్టు మీద ఎండలో నిలబడేవాడికి, తన కష్టాన్ని లెక్కతో సహా అర్థం చేసుకునేవాళ్లు ఇంట్లో ఉన్నారని తెలుస్తుంది.