కొత్త పనివానికి తొలి వారం

మత్తిగిరి రైతులకు ఒక సంగతి మేము కొత్తగా చెప్పనక్కరలేదు. సంతలో కొన్న ఆవును తెచ్చిన నాడే ఎవరూ మందలోకి తోలరు. కొన్నాళ్లు వేరుగా కట్టి, ఒకే మనిషి చేతితో మేత వేసి, మెల్లమెల్లగా కొత్త కొట్టానికి అలవాటు చేస్తారు. 1824లో వెలసిన పశుక్షేత్రం గల ఊరు మనది. పశువుల పట్ల మనం చూపే ఈ ఓర్పు, తొలిసారి కార్ఖానా గేటు దాటే మన బిడ్డల పట్ల కూడా ఉండవద్దా?

మా ఎరుకలోని ముచ్చట ఒకటి చెబుతాము. తెలుగు బడిలో చదివిన మన కుర్రవాడొకడు హోసూరులో ఒక కార్ఖానాలో చేరాడు. మొదటినాడు సంతకాలు పెట్టించుకొని బూట్లు, టోపీ, గుర్తింపు కార్డు ఇచ్చారు. యంత్రం దగ్గర సూపర్‌వైజరు తమిళంలో గబగబా పని చెప్పి, "పురియుదా?" అన్నాడు. పదిమంది చూస్తుండగా లేదనడానికి నోరు రాక, కుర్రవాడు తల ఊపాడు. మూడవనాడు అతడు చేసిన సామానులో సగం కొలత తప్పి తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చి, "అమ్మా, ఆ పని నావల్ల కాదు" అని సంచి మూలన పడవేశాడు.

ఆ కార్ఖానాలోనే చిరకాలంగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరు ఆ వీధిలోనే ఉన్నారు. "రేపు నాతో రా నాయనా" అని, షిఫ్టుకు అరగంట ముందే వెంటబెట్టుకొని వెళ్లారు. కొలిచే విధం తెలుగులో చెప్పి, అతనిచేతనే తిరిగి చెప్పించి, చేయించారు. "అర్థమైందా అంటే అందరూ ఔననే అంటారు. చేసి చూపమంటేనే అసలు సంగతి తెలిసేది" అని ఆయన మాట. నేడు ఆ కుర్రవాడే కొత్తవారికి పని చూపుతున్నాడు.

1946లో వచ్చిన స్థాయీ ఉత్తర్వుల చట్టం, పని నిబంధనలను ఇంగ్లీషులోనూ, కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోనూ గేటు దగ్గర ప్రకటించాలని విధించినది. మంచి నియమమే. కాని ఆ భాష చదువరాని ఒక్కనికి పక్కన మనిషే దిక్కు. హోసూరులో టైటాన్ గడియారాల కార్ఖానా మొదలైన 1980 దశకంలో, పల్లెల నుంచి బడిచదువు ముగించిన పిల్లలను తెచ్చి పని నేర్పుతూ, వారి బాగోగులు చూడటానికి తల్లిదండ్రుల వంటి పెద్దలను కూడా నియమించారు. పనితోపాటు ధైర్యం కూడా నేర్పాలని గ్రహించినవారు చేసిన పని అది.

కావున యజమానులైన మనవారికి మా మనవి: కొత్తవానికి తొలినాడే ఒక పేరు చెప్పండి, "ఏ సందేహం వచ్చినా ఈయనను అడుగు" అనండి. తొలి వారం తప్పులను లెక్కించక, సరిదిద్దండి. అనుభవం గల అన్నలు భోజనవేళ కొత్తవానిని పక్కన కూర్చోబెట్టుకోండి. తల్లిదండ్రులారా, సాయంత్రం బిడ్డ ఇల్లు చేరగానే జీతం సంగతి తరువాత అడగవచ్చు. "ఈరోజు అర్థం కానిది ఏమిటి నాయనా?" అని ముందు అడగండి.