క్రాంకు షాఫ్టులో అయస్కాంతం మిగిలితే బేరింగులకు చేటు

పైరుకు తడి పెట్టాల్సిన సమయంలో ఆయిల్ ఇంజను మొరాయిస్తే రైతు గుండె జారిపోతుంది. అప్పోసప్పో చేసి క్రాంకు షాఫ్టు గ్రైండింగు చేయించి, కొత్త బేరింగులు వేయించాక కూడా కొద్ది రోజులకే లోపల టకటక శబ్దం మొదలైతే? నూనెలో మురికి, బిగింపు సరిగా లేకపోవడం వంటి కారణాలు చాలానే ఉంటాయి. ఎక్కువమంది పట్టించుకోని కారణం ఇంకొకటుంది. అదే షాఫ్టులో మిగిలిపోయిన అయస్కాంత గుణం.

పగులు పట్టేది ఇలా

కంటికి ఆనని వెంట్రుకవాసి పగులును పట్టుకోవడానికి పెద్ద షాపుల్లో కరెంటుతో షాఫ్టును అయస్కాంతంగా మారుస్తారు. దానిపై సన్నటి ఇనుప రజను చల్లుతారు, లేదా కిరసనాయిలు వంటి పల్చటి నూనెలో కలిపి పోస్తారు. పగులున్న చోట రజను గీతలా పేరుకుంటుంది. ఈ పరీక్ష ఇనుము, ఉక్కు భాగాలకే. అల్యూమినియం పిస్టనుకు, ఇత్తడి బుష్షుకు పనిచేయదు.

మిగిలితే ఏమవుతుంది?

మెత్తటి ఇనుములో ఈ గుణం తొందరగా పోతుంది. గట్టి ఉక్కు మాత్రం వదలదు. రింగులు, లైనరు అరిగి రాలే ఇనుప పొడి నూనెతోపాటు తిరుగుతూ షాఫ్టుకు అంటుకుంటుంది. ఆకురాయిలా బేరింగును అరగదీస్తుంది.

తీసే పద్ధతి

ఏసీ కరెంటు పారే పెద్ద తీగచుట్టలోంచి షాఫ్టును మెల్లగా బయటికి లాగాలి. నాలుగైదు అడుగుల దూరం తెచ్చాకే కరెంటు ఆపాలి. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుస్తుంది. దూరం జరిగేకొద్దీ దాని బలం తగ్గుతూ వచ్చి, షాఫ్టులోని అయస్కాంతం చెదిరిపోతుంది. షాఫ్టు చుట్టలో ఉండగానే స్విచ్చి ఆపేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. సుమారు 770 డిగ్రీల వేడికి కూడా అయస్కాంతం పోతుంది. కానీ షాఫ్టును కొలిమిలో పెట్టించొద్దు. గట్టిదనం పోతుంది, వంకర తిరుగుతుంది.

రైతు సోదరులు చూసుకోవలసినవి

1. షాఫ్టు తెచ్చుకునే ముందు నూనె రంధ్రాల అంచుల దగ్గర, చివర్లలో గుండుసూది పెట్టి చూడాలి. అంటుకుంటే అక్కడే తీయించాలి.

2. సూది అంటుకోలేదని ధీమా పడొద్దు. షాఫ్టు గుండానే కరెంటు పంపితే అయస్కాంతం లోపలే చుట్టూ తిరుగుతుంది, బయటికి అంతగా తెలియదు. పరీక్ష చేశాక అయస్కాంతం తీశారా లేదా అని నోరు తెరిచి అడగాలి.

3. తీశాక నూనె రంధ్రాలు శుభ్రంగా కడిగించాలి. పరీక్ష రజను అందులో మిగిలినా బేరింగుకు ముప్పే.

4. ఇంజను నూనె గడువు ప్రకారం మార్చాలి.

షాపులో ఓ పది మాటలు అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే పైరు ఎండే రోజున ఇంజను మళ్లీ విప్పాల్సి వస్తుంది.