పసుపు జెర్సీ దక్కని ‘పుపు’

1964 జులై 12. ఫ్రాన్స్ మధ్యభాగంలో, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం పుయ్ ద డోమ్. కొండ చుట్టూ తిరుగుతూ పైకెళ్లే ఇరుకు రోడ్డు. రెండువైపులా లక్షల్లో జనం. ఆ జనం మధ్యలోంచి ఇద్దరు సైక్లిస్టులు పక్కపక్కనే ఎక్కుతున్నారు. ఎంత దగ్గరగా అంటే... ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలేంత! ఒకడు జాక్ ఆంకెతిల్. అప్పటికే నాలుగుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మొనగాడు. ఒంటిమీద పసుపు జెర్సీ. రెండోవాడు రేమండ్ పులిదోర్. అతనికి కావాల్సింది 56 సెకన్లు. అంత సమయం లాగేసుకుంటే ఆ జెర్సీ తనదే.

శిఖరం ఇంకో కిలోమీటరు లోపు ఉందనగా ఆంకెతిల్ చతికిలపడ్డాడు. పులిదోర్ దూసుకెళ్లాడు. గడియారాలు చూస్తే తేడా 42 సెకన్లు. మిగిలింది 14!

ఆ 14 సెకన్లూ జీవితాంతం అతన్ని వదల్లేదు.

టూర్ డి ఫ్రాన్స్ దాదాపు మూడు వారాల పాటు సాగే రేసు. రోజుకో దశ. అన్ని దశల సమయమూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్లకి పసుపు జెర్సీ. ఒక్కరోజు వేసుకున్నా చాలు, ఊళ్లో విగ్రహం పెట్టేస్తారన్నంత మోజు. పులిదోర్ 1962 నుంచి 1976 వరకూ 14 సార్లు ఆ రేసులో పాల్గొన్నాడు. మూడుసార్లు రెండోస్థానం, ఐదుసార్లు మూడోస్థానం. పసుపు జెర్సీ మాత్రం ఒక్కరోజు కూడా వేసుకోలేదు.

పొలం నుంచి రోడ్డుమీదికి...

1936లో లిమూజిన్ ప్రాంతంలోని ఓ పల్లెలో పుట్టాడు పులిదోర్. ఇంట్లోవాళ్లు పరాయివాళ్ల భూమి సాగుచేసుకునే రైతులు. తనూ పొలం పనుల్లోనే పెరిగాడు. అల్జీరియాలో సైనిక సేవ కూడా చేసి వచ్చి ప్రొఫెషనల్‌గా మారేసరికి 24 ఏళ్లు. ఆ మరుసటి ఏడాదే, 1961లో, ఇటలీలో మిలాన్-సాన్‌రెమో రేసు. టైరు పంక్చరై బాగా వెనకబడ్డాడు. ఇక చాలనుకుని దిగిపోబోతుంటే జట్టు మేనేజర్ ఆంటోనిన్ మాన్ ఒప్పుకోలేదు. మళ్లీ ఎక్కాడు. చివర్లో పోజియో గుట్టమీద అందర్నీ వదిలించుకుని, గెలిచేశాడు!

ఆ మరుసటి ఏడాది తొలి టూర్. చేతికి పిండికట్టుతోనే బయల్దేరాడు. మొదటిరోజే ఎనిమిది నిమిషాలు పోయాయి. అయినా మూడో స్థానంలో వచ్చాడు. అక్కణ్నుంచి ఫ్రాన్స్ రెండుగా చీలిపోయింది. లెక్కలు వేసుకుని చల్లగా గెలిచే ఆంకెతిల్ ఓ వైపు. రైతు ముఖం, నెమ్మది మాట... పులిదోర్ ఇంకోవైపు. గెలిచిన ఆంకెతిల్‌కి ఈలలు, ఓడిన పులిదోర్‌కి చప్పట్లు! ముద్దుగా ‘పుపు’ అని పిలుచుకున్నారు.

అదృష్టం ముఖం చాటేసిందని అభిమానులు అంటారు గానీ, 1964 విషయంలో మాత్రం అది పూర్తిగా నిజం కాదు. ఆ ఏడాది మొనాకోలో ఇంకో రౌండు మిగిలి ఉందన్న సంగతి మరిచి ముందే స్ప్రింట్ చేశాడు పులిదోర్. దశ ఆంకెతిల్‌కి పోయింది, దాంతోపాటు నిమిషం బోనస్ కూడా. చివరికి పారిస్‌లో ఇద్దరి మధ్య తేడా 55 సెకన్లు. లెక్క మీరే వేసుకోండి.

మిగతా ఏళ్లలో మాత్రం విధి నిజంగానే ఆడుకుంది. 1967లో సహచర ఫ్రెంచ్ రైడర్ రోజర్ పాంజాఁ గెలవడానికి సాయపడ్డాడు. 1968లో మోటారుసైకిల్ గుద్దేయడంతో రేసు నుంచి తప్పుకున్నాడు. 1973లో ప్రారంభ దశలో సెకను కన్నా తక్కువ తేడాతో పసుపు జెర్సీ పోయింది. అదే టూర్లో తర్వాత లోయలోకి పడి ఇంటిదారి పట్టాడు. ఇక అయిపోయాడు అనుకున్నారంతా. మరుసటి ఏడాది, 38 ఏళ్ల వయసులో, ఎడ్డీ మెర్క్స్ వెనక రెండోస్థానం! నలభయ్యో ఏట మూడోస్థానం.

అలాగని అతను ఏమీ గెలవలేదనుకుంటే పొరపాటు. 1964లో స్పెయిన్ టూర్ (వుయెల్టా), 1972, 73ల్లో పారిస్-నీస్ గెలిచాడు. తొలి నుంచి చివరిదాకా మెర్సియే జట్టుతోనే ఉన్నాడు. అయినా ఫ్రెంచివాళ్లకి ‘పులిదోర్’ అంటే ఎప్పుడూ రెండోస్థానంలో వచ్చేవాడు. ఎన్నికల్లో ఓడిపోయే నాయకుల్నీ ఆ పేరుతోనే వెక్కిరించారు.

ఆంకెతిల్‌తో వైరం రిటైరయ్యాక స్నేహంగా మారింది. 1987లో క్యాన్సర్‌తో మంచంపట్టిన ఆంకెతిల్, చావులో కూడా నువ్వు నా వెనకేనంటూ చమత్కరించాడట. పులిదోరే ఈ మాట చెప్పి నవ్వేవాడు. ఆ తర్వాత కూడా ఏటా టూర్‌కి వచ్చేవాడు... పసుపు జెర్సీ స్పాన్సర్ బ్యాంకు ప్రతినిధిగా, పసుపు చొక్కా వేసుకుని! 83 ఏళ్ల వయసులో, 2019 నవంబరు 13న కన్నుమూశాడు.

తనకి దక్కనిది అల్లుడు ఆడ్రి వాన్ డెర్ పోల్‌కి 1984లో ఒకరోజు దక్కింది. ఇక మనవడు మథ్యూ... తాతయ్య పోయిన రెండేళ్లకి, 2021లో తొలిసారి టూర్‌కి వచ్చాడు. రెండోరోజు మ్యూర్ ద బ్రెటాన్ కొండమీద గెలుస్తూ వేలితో ఆకాశం వైపు చూపించాడు. తర్వాత మైకుల ముందు మాట పెగల్లేదు, ఏడ్చేశాడు. పసుపు జెర్సీ ఆరు రోజులు అతని ఒంటిమీదే ఉంది.

2023లో మథ్యూ మిలాన్-సాన్‌రెమో కూడా గెలిచాడు. తాత గెలిచిన 62 ఏళ్లకి. అందర్నీ వదిలించుకుంది ఆ పోజియో గుట్టమీదే.