మూడో తీగ చేసే పని

ఇంట్లో గోడకు బిగించిన ప్లగ్ సాకెట్‌ను ఒకసారి గమనించండి. కింద రెండు చిన్న రంధ్రాలు, పైన ఒక పెద్ద రంధ్రం ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. టీవీ పనిచేయడానికైనా, ఫ్యాను తిరగడానికైనా ఈ రెండే చాలు. పైనున్న పెద్ద రంధ్రానికి వచ్చే ఆకుపచ్చ తీగ పేరు ఎర్త్. అందులో మామూలు రోజుల్లో కరెంటు ప్రవహించదు.

వైరింగ్‌లో తక్కిన పొరపాట్లు వెంటనే బయటపడతాయి. న్యూట్రల్ కలపకపోతే బల్బు వెలగదు. స్విచ్ తప్పుగా కలిపితే ఫ్యాను తిరగదు. ఎర్త్ తీగను అసలు కలపకపోయినా, అది మధ్యలో తెగిపోయినా ఇంట్లో ఏదీ ఆగదు. ఏళ్ల తరువాత ఏదో ఒకరోజు గీజర్‌లోనో నీళ్ల మోటారులోనో లోపం వచ్చినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే ఎర్తింగ్‌ను కంటితో చూసి బాగుందనకూడదు, పరికరంతో కొలిచి చెప్పాలి. ఎలక్ట్రీషియన్ శిక్షణలో ఈ పాఠానికి ప్రత్యేక స్థానం ఉండటానికి కారణం ఇదే.

ప్రాణం తీయడానికి ఎంత కరెంటు కావాలి?

మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. చర్మం తడిగా ఉన్నప్పుడు మనిషి శరీర నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం శరీరంలో ప్రవహించే కరెంటు 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. అరవై వాట్ల బల్బు తీసుకునే కరెంటు 260 మిల్లీ ఆంపియర్లు. ఈ రెంటినీ పోల్చి చూడండి!

ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర చిన్న జలదరింపు తెలుస్తుంది. పది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలడం కష్టమవుతుంది. ముప్పై దాటిన కరెంటు కొంతసేపు కొనసాగితే ఊపిరి ఆడదు. ఇంకా పెరిగితే గుండె లయ తప్పి, రక్తాన్ని పంపలేక వణుకుతూ ఉండిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ డాల్‌జీల్ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల మీద జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, ఎంత కరెంటు వరకు మనిషి తీగను వదిలించుకోగలడో కొలిచారు.

ఇక ఫ్యూజు సంగతి చూద్దాం. 15 ఆంపియర్ల ఫ్యూజుకు 0.23 ఆంపియర్లు ఒక లెక్కలోది కాదు. మనిషికి షాక్ కొడుతున్నా అది చల్లగానే ఉంటుంది. తీగలు వేడెక్కి ఇల్లు అంటుకోకుండా కాపాడటం ఫ్యూజు పని. మనిషిని కాపాడాలంటే దానికి తోడు ఇంకొకటి కావాలి.

కరెంటు భూమిలో ఇంకిపోతుందా?

ఎర్త్ తీగ కరెంటును భూమిలోకి ఇంకిపోయేలా చేస్తుందని చాలామంది అనుకుంటారు. వాన నీరు ఇంకినట్టు కరెంటు ఇంకదు. అది బయలుదేరిన చోటికే తిరిగి చేరాలి. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. కాబట్టి మన ఇంటి ఎర్త్ గుండా దిగిన కరెంటు నేల మీదుగా ప్రయాణించి ఆ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను చేరుతుంది.

నీళ్ల మోటారులో ఫేజ్ తీగ పైపూత అరిగి, ఇనుప తొడుగును తాకిందనుకుందాం. ఎర్త్ లేకపోతే ఆ తొడుగు 230 వోల్టులతో మౌనంగా కూర్చుంటుంది. తడికాళ్లతో ఎవరైనా ముట్టుకుంటే కరెంటు వారి శరీరం గుండా నేలకు చేరుతుంది. ఎర్త్ ఉంటే తొడుగు నుంచి ఎర్త్ తీగ గుండా కరెంటు పరుగెడుతుంది. ఆ దారి నిరోధం చాలా తక్కువైతే ప్రవాహం ఒక్కసారిగా పెరిగి ఫ్యూజు కరిగిపోతుంది, లేదా ఎం.సి.బి. పడిపోతుంది. సరఫరా ఆగిపోతుంది. ఎర్తింగ్ అసలు ఉద్దేశం ఇదే.

ఒక చిన్న లెక్క

నిరోధం తక్కువ కాకపోతే ఏమవుతుంది? రెండున్నర మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం గల ఇనుప గొట్టాన్ని నేలలో నిలువుగా పాతామనుకుందాం. ఆ నేల విశిష్ట నిరోధం 100 ఓమ్-మీటర్లు. సూత్రం ప్రకారం లెక్కిస్తే ఆ గొట్టానికీ భూమికీ మధ్య నిరోధం సుమారు 35 ఓమ్‌లు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం 2 ఓమ్‌లు అనుకుంటే మొత్తం 37 ఓమ్‌లు.

ఇప్పుడు 230ని 37తో భాగించండి. కరెంటు 6.2 ఆంపియర్లు మాత్రమే. ఇళ్లలో వాడే 16 ఆంపియర్ల సి-రకం ఎం.సి.బి. తక్షణం పడిపోవాలంటే 80 నుంచి 160 ఆంపియర్ల కరెంటు కావాలి. 6.2 ఆంపియర్లను అది ఇస్త్రీపెట్టె వాడుతున్నట్టుగానే భావిస్తుంది. ఎంతసేపైనా పడదు. మోటారు తొడుగు మీద వోల్టేజి ఎంత? 6.2ను 35తో గుణిస్తే 217 వోల్టులు!

అంటే గొయ్యి తవ్వారు, గొట్టం పాతారు, బొగ్గు, ఉప్పు వేశారు, ఆకుపచ్చ తీగ కలిపారు. అయినా తొడుగును ముట్టుకుంటే ప్రమాదం దాదాపు అంతే ఉంది. “ఎర్త్ ఉందా?” అనే ప్రశ్న ఒక్కటీ సరిపోదు. “ఎన్ని ఓమ్‌లు? ఆ కరెంటుకు ఏది పడుతుంది?” అని కూడా అడగాలి.

ఇందుకు రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఎర్త్ దారి నిరోధాన్ని తగ్గించడం. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెద్ద భవనాల్లో, కర్మాగారాల్లో ఎర్త్ తీగను లోహపు దారిలోనే ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా తీసుకువెళతారు. మట్టి మీద ఆధారపడే పని ఉండదు.

రెండోది ఆర్.సి.సి.బి. అనే పరికరం. ఫేజ్ గుండా వెళ్లిన కరెంటు, న్యూట్రల్ గుండా తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఇది ఎప్పటికప్పుడు సరిచూస్తుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు మరో దారిన భూమిలోకి పోతోందన్నమాట. ఇళ్లలో వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే, సెకనులో మూడో వంతు గడవక ముందే సరఫరాను తెంచుతుంది. పై లెక్కలోని 6.2 ఆంపియర్లు దానికి ఎంతో ఎక్కువ. డాల్‌జీల్ 1961లో రూపొందించిన పరికరం కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అయితే ఒక చేత్తో ఫేజ్‌నూ, మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవారిని ఇది గుర్తించలేదు. దాని మీది ‘టి’ బటన్ నొక్కితే పరికరం పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది, ఎర్త్ బాగుందని కాదు.

నేలను బట్టి ఎర్త్

పై లెక్కలో 100 ఓమ్-మీటర్ల నేలను తీసుకున్నాం. కృష్ణా, గుంటూరు ప్రాంతాల తడి నల్లరేగడిలో ఇది చాలా తక్కువగా ఉంటుంది. తెలంగాణ, రాయలసీమలలో గ్రానైట్ రాళ్లున్న చోట ఎన్నో రెట్లు పెరుగుతుంది. తడి తగ్గినకొద్దీ కూడా పెరుగుతుంది. వానాకాలంలో బాగున్న ఎర్త్ మే నెలలో పనికిరాకపోవచ్చు. వ్యవసాయ పంపుసెట్ల దగ్గర ఇనుప స్టార్టర్ పెట్టె ఉంటుంది, రైతు తడి మడిలోంచి వచ్చి దాన్ని తెరుస్తాడు. అక్కడ మూరెడు కడ్డీ పాతి చుట్టిన తీగ ఎర్త్ అనిపించుకోదు.

ఎర్తింగ్‌కు మార్గదర్శకమైన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043. గాల్వనైజ్డ్ ఇనుప గొట్టమైతే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు, పొడవు రెండున్నర మీటర్లకు తగ్గకూడదని 1987 నాటి దాని ప్రతి చెబుతుంది. రాతి నేలలో ఒక్క గొట్టం చాలకపోతే దూరదూరంగా మరికొన్ని పాతి కలపాలి.

శిక్షణలో ఏం నేర్చుకోవాలి?

ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. తీగలు కలపడం చూసి నేర్చుకోవచ్చు. కొలవడం మాత్రం చేసి నేర్చుకోవాలి. కొత్త వైరింగ్‌కు కరెంటు ఇచ్చే ముందు చేయవలసిన ముఖ్య పరీక్షలు ఇవి.

మొదటిది అవిచ్ఛిన్నత పరీక్ష. ప్రతి సాకెట్ నుంచి ఎర్త్ గొయ్యి దాకా తీగ ఎక్కడా తెగలేదని మీటరుతో నిర్ధారించుకోవాలి.

రెండోది ఇన్సులేషన్ పరీక్ష. మెగ్గర్‌తో 500 వోల్టులు ఇచ్చి, తీగలకూ భూమికీ మధ్య నిరోధం కనీసం పది లక్షల ఓమ్‌లు, అంటే ఒక మెగాఓమ్ ఉందో లేదో చూడాలి.

మూడోది స్విచ్‌ల పరీక్ష. ఒంటి స్విచ్, ఫ్యూజు ఫేజ్‌లోనే ఉండాలి. న్యూట్రల్‌లో స్విచ్ పెడితే బల్బు ఆరిపోయినా హోల్డర్‌లో 230 వోల్టులు ఉంటాయి.

నాలుగోది ఎర్త్ నిరోధం. ఎర్త్ టెస్టర్‌తో రెండు ఇనుప మేకులను కొంత దూరంలో ఒకే వరుసలో నేలలో దిగ్గొడతారు. దూరపు మేకు గుండా కరెంటు పంపి, మధ్య మేకు దగ్గర వోల్టేజి కొలుస్తారు. ఈ పరీక్షను ఎండాకాలంలో, నేల పొడిగా ఉన్న రోజున చేయాలి.

వీటితోపాటు మానుకోవలసిన అలవాట్లు కూడా నేర్పాలి. సాకెట్‌లో ఎర్త్, న్యూట్రల్ రంధ్రాలను చిన్న తీగముక్కతో కలిపేయడం వాటిలో ఒకటి. మామూలుగా అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే, ఆన్‌లో ఉన్న పరికరం గుండా ఫేజ్ నేరుగా తొడుగు మీదికి వస్తుంది. కాపాడవలసిన తీగే షాక్ కొడుతుంది! కుళాయి గొట్టాన్ని ఎర్త్‌గా వాడటం మరొకటి. ఇనుప గొట్టం స్థానంలో ప్లాస్టిక్ గొట్టం వచ్చిన రోజున ఆ ఎర్త్ మాయమవుతుంది. ఇక పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, టెస్టర్‌తో మళ్లీ చూసుకోవడం ఎంత అనుభవం ఉన్నవారికైనా తప్పనిసరి.

చట్టం, మనం

1956 నాటి భారత విద్యుత్ నియమాలలోనే, లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారా, యోగ్యతా పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్నవారే వైరింగ్ చేయాలని ఉంది. బల్బు, ఫ్యూజు, స్విచ్ వంటివి మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. ఆ తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, 2023లోనూ భద్రతా నిబంధనలు వెలువరించింది.

విద్యార్థులుగా మీరు తీగల జోలికి వెళ్లనక్కరలేదు. ఇంటి స్విచ్ బోర్డులో ఆర్.సి.సి.బి. ఉందో లేదో చూడండి. ఉంటే నెలకోసారి ‘టి’ బటన్ నొక్కమని పెద్దలకు చెప్పండి. బట్టలారేసే ఇనుప తీగను కరెంటు స్తంభానికో, సర్వీసు వైరు తాకే రేకులకో కట్టి ఉంటే తీయించి, నైలాన్ తాడు కట్టించండి. వైరింగ్ పూర్తి చేసిన ఎలక్ట్రీషియన్‌ను, “ఎర్త్ ఎన్ని ఓమ్‌లు వచ్చింది?” అని అడగండి. శిక్షణ పొందినవారి దగ్గర దానికి సమాధానంగా ఒక సంఖ్య ఉంటుంది. లేకపోతే డబ్బు చెల్లించే ముందే కొలిపించండి.