క్వాంటం టెలిపోర్టేషన్: కబురు అందనిదే పని కాదు

1966లో అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' మొదలైంది. వారం వారం అంతరిక్ష నౌకను ఒక్కో గ్రహం మీద దించి చూపించే ఖర్చు భరించలేక, మనుషులను మెరుపుల్లో కరిగించి నేల మీద ప్రత్యక్షం చేసే యంత్రాన్ని కల్పించారు. 1993లో చార్లెస్ బెనెట్, జిల్ బ్రసార్డ్ సహా ఆరుగురు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించి, దాన్ని క్వాంటం టెలిపోర్టేషన్ అన్నారు. అప్పటి నుంచి ఏ ప్రయోగం వార్త వచ్చినా పాఠకుడి కళ్లముందు ఆ మెరుపులే మెదులుతున్నాయి.

అపోహ: వస్తువు ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది.

వాస్తవం: చేరేది క్వాంటం స్థితి మాత్రమే. 1997లో ఆంటన్ జైలింగర్ బృందం ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఒక ఫోటాన్ (కాంతి కణం) ధ్రువణ స్థితిని మరో ఫోటాన్‌కు చేర్చింది. ఆ స్థితిని అందుకోవడానికి అవతల ఫోటాన్ ఉండి తీరాలి. 2004లో అయాన్లతో చేసినప్పుడూ ఏ అయానూ ఇంకోదాని చోటికి దూకలేదు. నారదుడి త్రిలోక సంచారం వెనక ఉన్న శాస్త్రం ఇదేనని వాదించేవారూ ఉంటారు. నారదుడు స్వయంగా వెళ్లేవాడు, ఇక్కడ వెళ్లేవారెవరూ లేరు.

అపోహ: కాంతికన్నా వేగంగా, తక్షణం జరిగిపోతుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే, కాస్త నిదానంగా చూద్దాం. 2012లో కానరీ దీవుల్లో లా పాల్మా నుంచి టెనెరిఫేకి, 143 కిలోమీటర్ల దూరం ఈ ప్రయోగం చేశారు. పంపేవారిని ఆలిస్ అని, అందుకునేవారిని బాబ్ అని పిలవడం ఈ రంగంలో ఆనవాయితీ. ఎంటాంగిల్‌మెంట్‌తో ముడిపడిన రెండు ఫోటాన్లలో ఒకటి ఆలిస్ దగ్గర ఉంటుంది, రెండోది బాబ్‌కు వెళ్తుంది. పంపాల్సిన స్థితి మూడో ఫోటాన్‌లో ఉంటుంది. దాన్నీ తన వాటా ఫోటాన్‌నూ ఆలిస్ కలిపి కొలుస్తుంది. నాలుగు ఫలితాల్లో ఏదో ఒకటి వస్తుంది; ఏది రావాలో ఆమె చేతిలో లేదు. (కానరీ పరికరాలు నాలుగింట్లో రెండింటినే గుర్తుపట్టగలిగాయి.)

'తక్షణం' అనే మాట పుట్టుకొచ్చింది ఈ దశ గురించే. ఆలిస్ కొలిచాక బాబ్ ఫోటాన్‌ను వర్ణించే తీరు మారిపోతుంది, నిజమే. కానీ బాబ్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. తన ఫోటాన్‌ను ఎన్ని విధాల పరీక్షించినా నాణెం ఎగరేసినట్టే ఉంటుంది. వచ్చింది ఏ ఫలితమో ఆలిస్ కబురు పెట్టాలి. రెండు బిట్ల సమాచారం చాలు. అది అందాక, ఆ ఫలితానికి తగిన చిన్న సవరణ చేస్తే బాబ్ ఫోటాన్ అసలు స్థితికి వస్తుంది. ఆ కబురు ఫైబర్‌లోనో, రేడియోలోనో మామూలుగానే వెళ్లాలి. కానరీలో లేజర్ మీద పంపారు. 143 కిలోమీటర్లు దాటడానికి కాంతికి దాదాపు అర మిల్లీసెకను పడుతుంది. అంతకన్నా ముందు బాబ్ చేయగలిగిందేమీ లేదు. ఐన్‌స్టీన్ గీసిన వేగపరిమితి గీత చెక్కుచెదరలేదు.

అపోహ: అసలు ఇక్కడే ఉంటుంది, నకలు అక్కడ తయారవుతుంది.

వాస్తవం: తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే వూటర్స్, జూరెక్ నిరూపించారు, అదే ఏడు డీక్స్ విడిగా అదే తేల్చారు. ఆలిస్ కొలవగానే ఆమె దగ్గరి స్థితి చెరిగిపోతుంది. తమాషా ఏమిటంటే, టెలిపోర్టేషన్ సిద్ధాంతం వెలువడిన 1993లోనే స్టార్ ట్రెక్ తర్వాతి సిరీస్‌లో యంత్రం తేడా చేసి రైకర్ అనే అధికారి ఇద్దరైపోయాడు!

ఆ సిరీస్ రచయితలకు ఇంకో ఇబ్బందీ ఉండేది. మనిషిలోని కణాల స్థితిని కచ్చితంగా కొలవడానికి హైజెన్‌బర్గ్ సూత్రం ఒప్పుకోదు కదా! 'హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్' అనే పరికరం పెట్టి గట్టెక్కారు. నిజమైన పద్ధతికి దాని అవసరమే లేదు. ఆలిస్ తాను పంపే స్థితి ఏమిటో ఎన్నడూ తెలుసుకోదు. ఆమె కొలతలో ఆ వివరం బయటపడదు. తెలియనిదాన్ని తెలియకుండానే చేరవేయడం నా దృష్టిలో సినిమా మెరుపులన్నిటికన్నా వింత.

అపోహ: నేడు ఫోటాన్, రేపు మనిషి.

వాస్తవం: 70 కిలోల శరీరంలో పరమాణువులు సుమారు 7 పక్కన 27 సున్నాలన్ని. వాటన్నిటి స్థితినీ చెదరకుండా పట్టి ఉంచే దారే లేదు. 2017లో చైనా శాస్త్రవేత్తలు టిబెట్ నుంచి మిసియస్ ఉపగ్రహానికి, గరిష్ఠంగా 1,400 కిలోమీటర్ల దూరం ఫోటాన్ స్థితిని పంపినప్పుడు, వస్తువునే అంతరిక్షంలోకి చేర్చేశారన్న శీర్షికలు వచ్చాయి. నిజానికి ఆ ప్రయోగంలో లెక్కకు దొరికిన ఫోటాన్ గుర్తింపులు 911 మాత్రమే.

అపోహ: అయితే ఇది ఎందుకూ పనికిరాదు.

వాస్తవం: ఫైబర్‌లో దూరం పెరిగేకొద్దీ ఫోటాన్లు నశిస్తాయి. మామూలు సిగ్నల్‌నైతే మధ్యలో పెంచి పంపవచ్చు. క్వాంటం స్థితికి నకలు కుదరదు కనుక ఆ వీలు లేదు. ముందు ఎంటాంగిల్‌మెంట్‌ను అంచెలంచెలుగా పరిచి, ఆపైన స్థితిని టెలిపోర్ట్ చేయడమే దారి. 2022లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, ఒకదానితో ఒకటి నేరుగా కలవని రెండు కేంద్రాల మధ్య, మూడో కేంద్రం సాయంతో ఇది చేసి చూపారు. వజ్రంలోని లోపాలే ఆ కేంద్రాల్లో క్వాంటం స్థితిని మోసే క్యూబిట్లు. క్వాంటం ఇంటర్నెట్ అని ఇప్పుడు వినిపిస్తున్న మాటకు పునాది అక్కడే ఉంది.